అగ్గిపుల్ల అంటించిన లేజర్

"చేతిలో విద్య ఉన్నోడు" అని ఎవరైనా నన్ను మెచ్చుకుంటే ఇప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది. ఆ విద్యే నా కొంప ముంచింది. హాలియాలో దుకాణం కోసం ఒక చిన్న మడిగె కిరాయికి తీసుకుని ఇరవై ఏళ్ళు టీవీలు, మిక్సీలు, డీవీడీ ప్లేయర్లు బాగుచేశాను. తెలంగాణ వచ్చిన కొత్తల్లోనే అందరి చేతుల్లోకీ పెద్ద తెర ఫోన్లు వచ్చాయి. ప్లేయర్లు రిపేరుకిచ్చినవాళ్ళు మళ్ళీ రాలేదు. ఫోన్ చేస్తే "ఇంక దాంతోటేం పని అన్నా, నువ్వే ఉంచుకో" అనేవాళ్ళు. మడిగె నిండా దిక్కులేని డబ్బాలు, వాటి నడుమ నేను.

ఒకరోజు ఫోనులో ఒక వీడియో చూశాను. ఎవరో ఒకాయన కంప్యూటర్‌లో డిస్కులు రాసే డబ్బాను విప్పి, అందులోంచి ఆవగింజకన్నా కాస్త పెద్దదైన లేజర్ డయోడును తీసి, టార్చి గొట్టంలో అమర్చి, బారెడు దూరంలో ఉన్న అగ్గిపుల్లను వెలిగించాడు. అంతే, నాకు పిచ్చి పట్టింది. పాత కంప్యూటర్లలోంచి తీసిన అలాంటి డబ్బాలు నా మడిగెలో ఓ మూలన కుప్పగా పడి ఉన్నాయి. ఇన్నేళ్ళూ పరాయివాళ్ళ వస్తువులు బాగుచేయడమే తప్ప నాదంటూ ఒక్కటి తయారుచేసింది లేదు. ఇది తిండి పెడుతుందా, బట్ట పెడుతుందా? ఏదీ లేదు. అందుకే ఇంకా మోజు.

మొదటి రెండు డయోడ్లు మాడిపోయాయి. ఒకటి నేను ఒట్టి చేతులతో ముట్టుకున్నందుకే చచ్చింది. రెండోదానికి కరెంటు కాస్త ఎక్కువిచ్చాను, రెప్పపాటు వెలిగి ఆరిపోయింది. మూడోదాన్ని పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాను. వేడికి తట్టుకోవాలంటే దాని చుట్టూ ఇత్తడి తొడుగు ఉండాలి. లేత్ మిషన్ నడిపే దోస్తు దగ్గరకు పోయి కొలతలు చెప్తే, "గిదేం పుర్జా అన్నా? ఏ మోటరుకు?" అన్నాడు.

"ఏ మోటరుకూ కాదు. ఊకెనే."

"వదినెకు ఎర్కనా నువ్వు ఊకెనే గిసుంటి పనులు చేస్తున్నట్టు?" అని నవ్వాడు గానీ తొడుగు మాత్రం నున్నగా తీసిచ్చాడు. మా బాపు వాడిన మూడు సెల్లుల స్టీలు టార్చి అటక మీద ఉంటే దింపి, దాని గొట్టంలో అన్నీ కూర్చాను. మొత్తం రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలు నేను ఎంత సంతోషంగా ఉన్నానో తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

వీడియోలో ఆయన చివర్లో ఒక మాట చెప్పాడు. దీనికి తగిన అద్దాలు కళ్ళకు లేకుండా దీని జోలికి పోవద్దని. అద్దాలే కదా, మా ఇంట్లో ఉన్నాయి అనుకున్నాను. మా అమ్మకు శుక్లం ఆపరేషన్ అయినప్పుడు కంటి క్యాంపులో ఇచ్చిన నల్ల అద్దాలు అవి. పక్కల నుంచి కూడా వెలుతురు రాకుండా మూసి ఉంటాయి. మా దిక్కు ఆ అద్దాలంటే కంటికి కవచమే. వడ్లు తూర్పారబట్టేటప్పుడు పెట్టుకుంటారు, బండి మీద పోయేటప్పుడు పెట్టుకుంటారు, వెల్డింగ్ చేసేవాళ్ళు కూడా పెట్టుకోవడం చూశాను. డాక్టర్లు ఇచ్చిన అద్దాలకన్నా భద్రం ఇంకేముంటుంది?

ఇక్కడ నా భార్య సంగతి చెప్పాలి. ఆమెకు చిన్నప్పుడు తట్టు పోసి ఎడమ కంట్లో పువ్వు పడింది. ఆ కంటికి వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియదు. ఉన్నది కుడికన్ను ఒక్కటే. ఆ ఒక్క కంటితోనే మగ్గం వర్క్ చేసేది. చెక్క చట్రానికి జాకెట్ గుడ్డను బిగించి, కొక్కెం సూదితో పూసలూ జరీ కుట్టే పని. పెళ్ళిళ్ళ కాలంలో హాలియా చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు మా గడపలో కూర్చుని ఉండేవాళ్ళు. నా మడిగె ఎండిపోయాక ఇల్లు గడిచింది ఆ కంటి మీదే. ఇదంతా నాకు తెలియదా? తెలుసు. తెలిసే చేశాను.

లేజర్ తయారైన రోజు మధ్యాహ్నం అమ్మ వాడకట్టులో ఎక్కడో ముచ్చట్లలో ఉంది. నా భార్య రొట్టెల పిండి తడుపుతోంది. టార్చి తెచ్చి చూపించాను.

"రెండు నెలలు సంసారం ఇడిచిపెట్టి చేసింది గిదా? బాపు టార్చే గదా!"

"జర ఆగు. అగ్గిపుల్ల ముట్టకుండ అంటిస్త చూడు."

"అగ్గిపెట్టెకు రాస్తె అంటుకోదా? దీనికింత తతంగమా?" అంది. అంటూనే గబగబా చేతులు కడుక్కుంది. నేను పీట మీద పుల్లను నిలబెట్టబోతే, "పీట కాలుతది, మా అమ్మ పెట్టిన పీట" అని వారించి స్టీలు తాంబాళం తెచ్చింది. పిండిముద్ద తుంచి దాని నడుమ పెట్టి, అందులో పుల్ల గుచ్చింది. స్టీలు కాలదు, మంచి ఆలోచనే అనుకున్నాను. బూడిద పెట్టి తోమి తోమి అద్దంలా మెరిసే తాంబాళం అది. వెలుగు కిరణం బాగా కనబడాలని తలుపులూ కిటికీలూ నేనే మూశాను. అమ్మ నల్ల అద్దాలు తీసి పెట్టుకున్నాను.

"మరి నాకు?" అంది.

"నువ్వు లేజర్ దిక్కు చూస్తలేవు గదా. పుల్ల దిక్కు చూస్తవ్. ఏం గాదు."

మీట నొక్కాను. ఎర్రటి గీత ఒకటి పోయి పుల్లకు తగిలింది. పుల్ల ముందు పొగ కక్కింది, తర్వాత బుస్సుమని అంటుకుంది. "ఓర్నీ! అంటుకున్నది!" అని ఆమె చప్పట్లు కొట్టింది. నా చెయ్యి ఆ సంబరంలో వణికింది. గీత పుల్ల మీది నుంచి జారి తాంబాళం మీద పడి, ఆమె ముఖం దిక్కు మెరిసింది. ఆమె "హా!" అని ముఖం తిప్పుకుంది. అంతే జరిగింది. మీట వదిలేయడానికి ఎంతసేపు పట్టింది? చిటికె వేసినంతసేపు కూడా లేదు.

"ఏమైంది?"

"ఏం లేదు. ఎండ దిక్కు చూసినట్టు మచ్చ కనబడ్తాంది. పోతదితీ."

పోలేదు. సాయంత్రం మగ్గం ముందు కూర్చుని చాలాసేపు గుడ్డ మీదకు వంగింది. తర్వాత నన్ను పిలిచింది. "సూది మొన కనిపిస్తలేదు. చుట్టూ గుడ్డ కనిపిస్తాంది, పూసలు కనిపిస్తున్నయి. నేను యాడ చూస్తే గాడ మాయమైతాంది."

అమ్మకు ఏం చెప్పలేదు. కోడలి కన్ను మసకబారిందని తెలిసి ఆమె దిష్టి అన్నది, మిరపకాయలూ ఉప్పూ తిప్పి పొయ్యిలో వేసింది, నందివర్ధనం పూలు తెచ్చి రెప్పల మీద పెట్టింది. "అందరి కండ్లు నా కోడలి పనితనం మీదనే పడ్డయి" అని వాడకట్టును తిట్టింది. నేను అక్కడే గోడకు ఆనుకుని నిలబడి వింటున్నాను. మూడో రోజు నల్గొండ బస్సెక్కాం.

కంటి దవాఖానలో డాక్టరమ్మ చాలాసేపు లైటు వేసి చూసింది. చూసి, కంటి వెనక పొర మీద సరిగ్గా నడిమధ్యలో కాలిన మచ్చ ఉందని చెప్పింది. "సూర్యుని వైపు చూశావా అమ్మా?" అని అడిగింది. నేను నోరు తెరవబోయాను. నా భార్య నాకన్నా ముందే అందుకుంది.

"చూసిన మేడం. బట్టలు ఆరేసుకుంట చూసిన."

"ఒక్క క్షణం చూస్తే ఇట్లా కాదు. ఎంతసేపు చూశావు?"

"శానసేపే చూసిన."

"పిచ్చిదానివా? ఉన్నదే ఒక్క కన్ను, సూర్యుని వైపు చూస్తూ నిలబడతావా? చిన్నపిల్లలకు కూడా తెలుసు గదమ్మా!" డాక్టరమ్మ నిజంగానే బాధతో తిట్టింది. నా భార్య తల వంచుకుని ఆ తిట్లన్నీ పడింది. నేను ఆమె వెనక చేతులు కట్టుకుని నిలబడి, బుద్ధిమంతుడైన మొగుడిలా తల ఆడించాను. తల ఆడించాను! ఇంతకన్నా నీచం నా బతుకులో లేదు.

తిరుగు బస్సులో అడిగాను, ఎందుకలా చెప్పావని.

"ఇంకేం చెప్పాలె? నా మొగడు కాల్చిండని చెప్పాలెనా? పెండ్లాం కన్ను పోగొట్టినోని మడిగెకు ఎవడన్న వస్తడా?" అని కిటికీ వైపు తిరిగింది. బయట కాలువ కింద వరిపొలాలు పచ్చగా పోతున్నాయి. ఆమెకు అవి ఎలా కనిపిస్తున్నాయో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఊరంతా ఆ అబద్ధమే పాకింది. సూర్యుని వైపు చూసి కన్ను పోగొట్టుకున్న ఆడది. మా ఇంటి ముందు నుంచి పోతూ తల్లులు పిల్లలకు చెప్పేవాళ్ళు, "ఎండ దిక్కు చూడకు, గామె లెక్క అయితవ్" అని. కొందరు ఆమెకు మతి సరిగా లేదన్నారు. ఇచ్చిన జాకెట్లు కుట్టకుండానే వాపసు తీసుకుపోయారు. అంతా ఆమెకు వినిపించేది. చెవులకు ఏం కాలేదు కదా.

లేజర్‌ను సుత్తితో నుజ్జు చేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. చుక్కల మందు రోజుకు నాలుగుసార్లు నేనే వేశాను. మొక్కని దేవుడు లేడు, దర్గాకు పోయి మొక్కుబడి గుడ్డ, దట్టీ కూడా కట్టాను. ప్రతి పొద్దునా ఆమె గోడ మీది క్యాలెండర్ ముందు నిలబడి ఒక తేదీ గడిని చూసేది. "ఇయ్యాల?" అని అడిగేవాణ్ణి. "గంతే" అనేది. ఒక్కోరోజు నేను అడగకముందే "గంతే" అనేసి పొయ్యి దగ్గరకు పోయేది. అట్లా ఎనిమిది నెలలు.

చివరిసారి మందు చీటీ కోసం నేనొక్కణ్ణే నల్గొండ పోయాను. ఇక మందు అక్కర్లేదు, వచ్చే చూపు ఉంటే ఈపాటికి వచ్చేదని డాక్టరమ్మ చెప్పింది. అప్పుడు ఏమైందో ఏమో, కుర్చీలో కూర్చుని మొత్తం కక్కేశాను. లేజర్, తాంబాళం, అద్దాలు, అన్నీ. ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. మొదటి రోజే చెప్పి ఉంటే ఏమైనా చేసేవారా మేడం అని అడిగాను. వైద్యం ఇదేనంది. ఇంకొకటి అడిగాను.

"నేను పెట్టుకున్న అద్దాలు ఆమె పెట్టుకుని ఉంటే?"

"అవి ఎండకు పెట్టుకునేవి. అలాంటి లేజర్‌ను ఆపవు. పెట్టుకున్నా కన్ను పోయేదే."

సిగ్గు లేకుండా చెప్తున్నాను, నాకు ప్రాణం లేచి వచ్చింది. ఎనిమిది నెలలుగా అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడల్లా గొంతుకు అడ్డం పడింది ఆ అద్దాలే. బస్సు దిగి ఇంటికి దాదాపు ఉరికాను. ఆమె గడపలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ముఖం పక్కకు తిప్పి, కంటి కొసతో చూస్తూ, వేళ్ళతో తడిమి ఏరుతోంది. ఎదురుగా కూలబడి డాక్టరమ్మతో నిజం చెప్పేశానన్నాను. ఆ అద్దాల సంగతీ చెప్పాను.

"నువ్వు పెట్టుకున్నా గిట్లనే అయ్యేదంట. ఫరక్ ఏం లేకుండెనంట."

ఆమె చేట కింద పెట్టింది. నేను ఆశగా ఆమె ముఖంలోకి చూస్తున్నాను. ఆమె చూపు నా చెవి పక్కన ఎక్కడో ఆగింది.

"గా సంగతి నీకు గా రోజు ఎర్కనా?" అని అడిగింది.

తెలియదు. ఆ రోజు ఆ అద్దాలు కన్నును కాపాడతాయనే నమ్మాను. నమ్మే, తెచ్చి నా కళ్ళకు పెట్టుకున్నాను.