ముందు కండెలు చుట్టాలన్నాను

పోయిన ఏడాది ఆడికృత్తిక పండగ మరుసటి రోజు, ఉదయం పదీ ఇరవైకి, తిరుపతిలోని ఒక కంప్యూటర్ సెంటర్‌లో నా మనవరాలు ఏం చదవాలో నేను తేల్చేశాను. నన్నెవరూ తేల్చమనలేదు.

మాది నగరి. నా కొడుకు పవర్‌లూమ్ షెడ్డులో పని చేస్తాడు. పాతికేళ్ల దూది దుమ్ము వాడి ఊపిరితిత్తుల్లో చేరింది. ఆ పని మానకపోతే మనిషి దక్కడని డాక్టర్ చెప్పాడు. మానాలంటే ఇంట్లో ఇంకొకరు సంపాదించాలి. డిగ్రీ అయిన మనవరాలు ఉంది. తిరుపతిలో వెబ్‌సైట్లు చేసే చిన్న ఆఫీసు వాళ్లు, తాము వాడే ఫ్రేమ్‌వర్క్ నేర్చుకుని మూడు నెలల్లో వస్తే పనిలోకి తీసుకుంటామన్నారు.

సెంటర్ మాస్టరు రెండు దారులు చెప్పాడు. ప్రోగ్రామింగ్ భాషను మొదటినుంచి నేర్చుకుంటే ఆరు నెలలు, ఫ్రేమ్‌వర్క్ ఆ తరవాత. లేదంటే నేరుగా ఫ్రేమ్‌వర్క్. వెబ్‌సైటుకు కావలసిన సరంజామా అందులో ముందే అమర్చి ఉంటుందట, మన పనికి తగ్గట్టు మార్చుకుంటే చాలట. దానికి మూడు నెలలు.

నాకు ఒళ్లు మండింది. మా నేతగాళ్ల ఇళ్లలో ఎవరూ నేరుగా మగ్గం ఎక్కరు. నేను రెండేళ్లు మగ్గానికి నూలు కండెలు చుట్టాను, ఇంకో ఏడాది తెగిన పోగులు అతికాను. ఆ తరవాతే మా నాయన నన్ను మగ్గంలో కూర్చోనిచ్చాడు.

"ఎవురో అమర్చిపెట్టిన మగ్గంలో కూసుంటే పోగు తెగిన నాడు ఏం జేస్తావు? ముందు భాష నేర్సుకో."

"అది కాదు తాతా..."

"నోరు మూసుకో మే. పని నేర్సుకునేది యెట్లో నాకు సెప్తావా?"

పక్కనే కూర్చున్న కోడలు తల వంచుకుంది. పెద్దాయన చెప్పేదీ నిజమేనంటూ మాస్టరు ఆరు నెలల చదువుకు మనవరాలి పేరు రాసుకున్నాడు.

ఆరు నెలలు మనవరాలు రోజూ బస్సులో పోయి వచ్చింది. భాష బాగా పట్టుబడిందని మాస్టరే అన్నాడు. అప్పటికే, నాలుగో నెలలో, ఆ ఆఫీసు వాళ్లు వేరే పిల్లను పెట్టుకున్నారు. ఆ సంగతి తెలిసిన రోజు, సెంటర్‌లో అప్పుడు నువ్వేం చెప్పబోయావని దాన్ని అడిగాను.

"ఫ్రేమ్‌వర్క్ మింద పని చేస్తా చేస్తానే భాష గూడా వస్తాదని చెప్పబోయినా. నువ్వు చదువు నేర్చుకునింది గూడా అట్లే గదా తాతా."

నిజమే. యాభై ఒకటో ఏట నాకు అక్షరాలు నేర్పింది బడి కాదు, నగరి బస్టాండు. అమ్మకానికి తీసుకుపోయే చీరల మూటతో తప్పు బస్సు ఎక్కకూడదని పుత్తూరు బోర్డును బొమ్మలాగా గుర్తుపెట్టుకున్నాను. తిరుపతి బోర్డునూ అంతే. రెండింటిలోనూ ఉన్న 'రు' ఒకటేనని కొన్నాళ్లకు తెలిసింది. అలా ఒక్కొక్కటే ఏరుకున్నాను. ఈనాటికీ నాకు అక్షరమాల వరసగా రాదు. ఆ ఏరుకున్న చదువుతోనే ఇది రాస్తున్నాను. ఆ సెంటర్‌లో మాత్రం మగ్గం గుర్తొచ్చింది, బస్టాండు గుర్తు రాలేదు.

ఇప్పుడు మనవరాలు ఫ్రేమ్‌వర్క్ నేర్చుకుంటోంది. ఎక్కడా పిలుపు లేదు. కొడుకు ఈ రోజు కూడా షెడ్డుకు పోయాడు. వీధి చివరికి చేరేలోపు మూడుసార్లు గోడ పట్టుకుని నిలబడ్డాడు.

సెంటర్‌లో నేను తేల్చేసిన ఆ ఉదయం కూడా వాడు షెడ్డులోనే ఉన్నాడు. గదిలో ఉన్నది నేను, నా కోడలు, ఆ మాస్టరు, నోరు మూసుకోమంటే మూసుకున్న నా మనవరాలు.