వంగి చూసే కిటికీ

మనుషుల మొహాల విషయంలో నేనెంత మూర్ఖుణ్ణో పోయిన నెల ఒక ఫోను తేల్చి చెప్పింది. పింఛను తీసుకునే మనబోటివాళ్ళం ఇంకా బతికే ఉన్నామని ఏడాదికోసారి రుజువు చేసుకోవాలి కదా, ఇప్పుడు ఆఫీసులకు తిరగనక్కరలేదట, ఫోనుకు మొహం చూపిస్తే చాలునట. మా మనుమరాలు దాన్ని నా ముందు పట్టుకుని కదలకుండా కూర్చోమంది, కూర్చున్నాను. కళ్ళు ఆర్పమంది, ఆర్పాను. అది రెండుసార్లు నన్ను పరీక్షగా చూసి, మొహం కనబడడం లేదని చెప్పింది. ఎనభై దాటిన మొహం, ఎక్కడో జారిపోయి ఉంటుందిలే అని నేను సరిపెట్టుకోబోతుంటే మనుమరాలు, "తాతా, జర మొహం గంటు పెట్టుకోకు" అంది. గంటు విప్పాను. మూడోసారికి నేను బతికున్నట్టు ఒప్పుకుంది.

ఇంట్లో అందరూ నవ్వారు, నేనూ నవ్వానుగానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఎందుకంటే ఆ ఫోను నయం, కనబడని మొహం కోసం మూడుసార్లు వెతికింది. మనుషుల మొహాలు ఎదురుగా వచ్చి నిలబడే చోట ఉద్యోగం ఇస్తే, రెండేళ్ళపాటు ఒక్క మొహమూ చూడకుండా కూర్చున్న ఘనుణ్ణి నేను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఐదారేళ్ళయిన రోజులవి. మాది కరీంనగర్ దిక్కున నేతపని చేసుకునే కుటుంబం. మా అక్క పెనిమిటి, అంటే మా బావ, మగ్గం మీద బతుకు సాగక మంచిర్యాల దాటి నస్పూర్ వైపు బొగ్గుబాయిలో, అంటే బొగ్గుగనిలో, పనికి చేరాడు. మెట్రిక్కు పాసై ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటున్న నన్ను పిలిపించుకుని, తన క్వార్టర్లోనే ఉంచుకుని, వాళ్ళనూ వీళ్ళనూ బతిమాలి బాయి మీద లాంపురూములో పని ఇప్పించాడు. బడిపంతులు కావాలనుకున్నవాణ్ణి దీపాల పంతులునయ్యాను. రోజూ వందలమందికి వెలుతురు పంచుతూ నా మొహం మాత్రం బొగ్గులా పెట్టుకుని కూర్చునేవాణ్ణి.

లాంపురూము అంటే తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. బాయిలోకి దిగే ప్రతి మనిషీ ముందు మా కిటికీ దగ్గరికి వచ్చి, తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇచ్చి, అదే నంబరున్న లాంపు తీసుకోవాలి. దీపం నెత్తి మీదికి, దాని బ్యాటరీ నడుముకు. పని దిగి పైకి వచ్చాక లాంపు ఇచ్చి బిళ్ళ తీసుకోవాలి. షిఫ్టు అయిపోయాక మా దగ్గర బిళ్ళ మిగిలిందంటే ఒక మనిషి ఇంకా కిందనే ఉన్నాడన్నమాట. ఇక ఆ కిటికీ. దాన్ని కట్టిన మేస్త్రీ ఏ ఆలోచనలో ఉన్నాడోగానీ అది అవతలివాళ్ళ నడుమెత్తున ఉండేది. లోపల కూర్చున్నవాడికి వరసగా వచ్చే చేతులే తప్ప మొహాలు కనబడవు. మొహం చూడాలంటే బల్ల మీదికి బాగా వంగి, మెడ పైకి తిప్పాలి. నేను మెట్రిక్కు పాసైనవాణ్ణి, వంగడం నా చదువులో లేదు.

నా పక్కన ఇంకొకాయన ఉండేవాడు, బోథ్ అనే ఊరి వైపు మనిషి, బాయి మొత్తానికి ఆయన 'కాక'. పని విరమించడానికి ఇంక ఎన్నో నెలలు లేవు. ఆయన ప్రతి మనిషికీ వంగేవాడు. షిఫ్టుకు ఎంతమంది ఉంటే అన్నిసార్లు వంగి, మెడ తిప్పి, ఒక మాట అడిగి, అప్పుడు లాంపు చేతికిచ్చేవాడు. బుక్కెడు తిన్నవా అని ఒకణ్ణి, పిల్లకు జెరం తగ్గిందా అని ఇంకొకణ్ణి. అలా వంగీ వంగీ ఆయన నడుము నిలబడ్డప్పుడు కూడా కిటికీలోంచి చూస్తున్నట్టే ఉండేది. ఎప్పుడైనా ఒకడి మొహం కాసేపు చూసి, అందుకున్న లాంపు వెనక్కి పెట్టేసి, నీ లాంపు కరాబైంది, ఇయ్యాల పైపని చూసుకో అనేవాడు. మనిషి తనంతట తాను దిగనంటే అది నాగా, ఆనాటి కూలి పోయినట్టే; లాంపు చెడితే తప్పు అతనిది కాదు, బాయి పైన కట్టెలు పేర్చే పనికి పంపి హాజరు వేసేవాళ్ళు.

ఆ చెడిపోయిన లాంపులు నా మెడకు చుట్టుకున్నాయి. బ్యాటరీలు సరిగా ఉంచే బాధ్యత నాది కావడంతో, మేమంతా చిన్నదొర అని పిలుచుకునే ఆఫీసరు రిజిస్టరు చూసి, ఇన్ని లాంపులు ఎందుకు కరాబవుతున్నాయని నన్ను నిలదీశాడు. నేను ఆ రోజునుంచి కాక పక్కన పెట్టిన ప్రతి లాంపునూ వెలిగించి చూశాను. అన్నీ దివ్యంగా వెలిగాయి. అబద్ధం దొరికిందన్న సంతోషంలో, నా నిజాయితీని నేనే మోసుకుంటూ చిన్నదొర గదికి పోయి అంతా చెప్పేశాను. మరునాటికి లాంపురూము గోడ మీద ఆయన సంతకంతో కాగితం అంటించారు: బాగున్న లాంపును చెడిందని రాసినవాళ్ళను పనిలోంచి తీసేస్తారని. కాకను కిటికీ నుంచి లేపి, వెనక గదిలో లాంపులు తుడిచే పనికి వేశారు.

ఆయన నన్ను తిడతాడని ఎదురుచూశాను, రెండు జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆయన తన తువ్వాలు దులిపి భుజాన వేసుకుంటూ ఒక్కమాటే అన్నాడు.

"లాంపులు మంచిగనే ఉన్నయి బిడ్డా. మనిషే ఒక్కోనాడు కరాబైతడు. అది జూసేతందుకే గీ కిటికి."

ముసలాయన చాదస్తమనుకున్నాను. నా ఒక్కడి చేతి మీదుగా వరస గబగబా కదలసాగింది. బిళ్ళ పడుతుంది, లాంపు పోతుంది, మాట లేదు. చిన్నదొర వచ్చి మెచ్చుకుని కూడా పోయాడు. ఇదివరకు ఆ వరసలో ఒకరినొకరు ఎకసెక్కాలాడుకునేవాళ్ళు, ఎవరో ఒకరు పాట అందుకునేవాళ్ళు. కొద్దిరోజుల్లోనే అవన్నీ ఆగిపోయి, నువ్వు ముందంటే నేను ముందని తోసుకోవడాలు మొదలయ్యాయి. పొద్దున్నే నా కిటికీ దగ్గర అందుకున్న చిరాకును వాళ్ళు లాంపుతో పాటు లోపలికి మోసుకుపోతున్నారని నాకు తట్టలేదు. నేను దానికి క్రమశిక్షణ అని పేరు పెట్టుకున్నాను.

మా బావ సంగతి చెప్పాలి. ఆయన పొద్దున లేస్తూనే బొగ్గుల పొయ్యి రాజేసి, షిఫ్టుకు ముందే కిటికీ తెరవాల్సినవాణ్ణని స్నానానికి మొదటి కుండ వేడినీళ్ళు నాకే ఇచ్చేవాడు. ఒకరోజు సాయంత్రం ఊరి నుంచి వాళ్ళ బాపు మంచం పట్టాడని కార్డు వచ్చింది. సెలవు అడిగితే దొరకలేదు. మరునాడు పొద్దున ఆయన ఎటో చూస్తూ, కాగిన నీళ్ళన్నీ తనే పోసేసుకున్నాడు. అంతే, నేను అందుకున్నాను. ఒకరి పొయ్యి మీద బతికేవాడికి నీళ్ళు మిగలకపోవడమే న్యాయమని, ఆ మాట మొహం మీదే చెబితే మూటా ముల్లే సర్దుకుంటానని, ఇంకా ఏవేవో అన్నాను.  అక్క పెట్టిన పళ్ళెం అట్లాగే వదిలి, సద్ది టిఫిను కూడా తీసుకోకుండా బావ బయటికి నడిచాడు. అక్క గుమ్మం దాకా పోయి పిలిచింది. నేను చన్నీళ్ళు పోసుకుని, ఆ చలినంతా ఆయన ఖాతాలో వేసి, డ్యూటీకి పోయాను.

ఆ రోజు బావ బిళ్ళ నా బల్ల మీద పడింది. మొహం చూడకపోయినా చెయ్యి నాకు తెలుసు. ఎన్నేళ్ళో మగ్గం మీద నాడె విసిరిన చెయ్యి, పొడుగాటి వేళ్ళు, బొగ్గులో పనిచేసినా నేతగాడివే. లాంపు అందుకున్నాక కూడా ఆ చెయ్యి కిటికీ గట్టు మీద కాసేపు ఆగింది. నేను తల ఎత్తుతానేమోనని చూస్తున్నాడు. తిండి లేక, కంటికి కునుకు లేక, మనసంతా ఊళ్ళో పెట్టుకుని ఆ పూట ఆ మనిషి బాయిలోకి దిగుతున్నాడని ఆ బాయి మొత్తం మీద తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. వంగడానికి అరడుగు. నేను వంగలేదు. తర్వాతి నంబరు పిలిచాను.

షిఫ్టు దిగకముందే కబురు పైకి వచ్చింది. పట్టాల మీద నడిచే బొగ్గు టబ్బుకూ టబ్బుకూ కొక్కెం తగిలించేచోట బావ చెయ్యి తీయడం ఒక క్షణం ఆలస్యమైంది. కుడిచేతి మూడు వేళ్ళు పోయాయి.

దవాఖానాలో మంచం పక్కన నిలబడి నేను ఆయన కట్టు వంక చూస్తుంటే, ఆయనే నన్ను ఊరడించాడు.

"నీ లాంపు మంచిగనే వెలిగింది బామ్మర్దీ. నా మనసే ఇంటికాడ ఉండిపోయింది."

చెంప మీద కొట్టినా అంత బాధ ఉండేది కాదు. ఇంటికి పోతే, మరునాడు పొద్దున అక్క పొయ్యి రాజేసి, ఏడ్చి ఉబ్బిన కళ్ళతో, మొదటి కుండ నీళ్ళు నాకే తెచ్చిపెట్టింది. ఆ నీళ్ళు పోసుకోలేదు, పారబొయ్యనూ లేదు. చల్లారేదాకా వాటి ముందు కూర్చున్నాను.

చిన్నదొర దగ్గరికి పోయి, కాకను మళ్ళీ కిటికీలో కూర్చోబెట్టమని కాళ్ళా వేళ్ళా పడ్డాను. మనుషుల మనసులకు రిజిస్టరులో గడి లేదన్నాడాయన. నేను చేసిన పని నా చేతుల్లోంచి ఎప్పుడో దాటిపోయింది. వానలు పడేనాటికి కాక పని విరమించాడు. ఆయన రేకుపెట్టె మోసుకుని బస్సు దాకా పోయాను. దారి పొడుగునా క్షమించమనే మాట నాలుక మీదే ఉంది, దిగలేదు. పోయిరా కాకా అని మాత్రం అనగలిగాను. ఆయన బస్సు కిటికీలోంచి అలవాటు కొద్దీ వంగి నా మొహం చూశాడు.

"మొదట్ల నడుం నొస్తది బిడ్డా. తర్వాత అలవాటైతది."

నేను చెప్పకుండానే నేనేం చేయబోతున్నానో ఆయనకు తెలిసిపోయింది. ఆ మరునాటి నుంచి వంగడం మొదలుపెట్టాను. ఆయన చెప్పినట్టే నడుము నొచ్చింది. తిన్నవా అని నేను అడిగితే మొదట్లో కొందరు బదులు చెప్పకుండా, లోపల వేరే ఎవరైనా కూర్చున్నారేమోనని వాళ్ళే వంగి చూసేవాళ్ళు. పోనుపోను ఆ వరసలో ఎకసెక్కాలు తిరిగి వచ్చాయి, ఎక్కువభాగం నా మీదే. ఒకసారి బోథ్ పోయి కాకకు ఇదంతా చెప్పుకోవాలని ప్రతి దసరాకూ అనుకునేవాణ్ణి. బస్సు ఉండేది, సెలవు ఉండేది, నేనే లేను. ఆయన పోయిన కబురు కూడా పోయిన ఆర్నెల్లకు ఎవరి నోటో విన్నాను.

మొన్నామధ్య ఆ వైపు పెళ్ళికి పోయినప్పుడు, బాయిలో పనిచేసే మా చుట్టాలబ్బాయిని అడిగాను, ఇప్పుడు లాంపులు ఎవరిస్తారని. ఎవరూ ఇవ్వరట. వరసగా అరల్లో వెలుగుతూ ఉంటాయట, ఎవరిది వాళ్ళే తీసుకుంటారట, హాజరు మొహం చూసి యంత్రమే వేసుకుంటుందట. మంచిదే, ఎవరి చిరాకూ ఎవరికీ అంటదు. కానీ ఆ యంత్రం మొహాన్ని గుర్తుపడుతుంది, మొహంలో ఏముందో అడగదు. బుక్కెడు తిన్నవా అని అడిగే మనిషి లేనిచోట తినకుండా వచ్చినవాడు తినకుండానే దిగుతాడు. ఈ మాట ఆ అబ్బాయికి చెబితే నవ్వి, లోపల క్యాంటీను ఉంది తాతా అన్నాడు.

ఇంత చేసుకున్నవాణ్ణి, ఒక్క చిన్న పగ మాత్రం తీర్చుకున్నాను. కాక వెళ్ళిపోయిన మరుసటేడు సంగతి. చెయ్యి మానాక బావకు వెనక గదిలో లాంపులు తుడిచే తేలికపని ఇచ్చారు. ఒకనాడు పొద్దున చిన్నదొర తనిఖీకి దిగడానికి లాంపు కోసం వచ్చాడు. వచ్చేదారిలోనే గేటు దగ్గర ఇద్దర్ని అకారణంగా తిట్టిన గొంతు నాకు వినబడింది. వంగి చూశాను. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, బిళ్ళ బల్ల మీద పెట్టబోయి కింద పడేశాడు. ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియదు, తెలియనక్కరలేదు. అందుకున్న లాంపును వెనక్కి, బావ వైపు పెట్టేశాను.

"మీ లాంపు కరాబైంది సార్. పది గంటలకల్ల బాగైతది. అందాక జర ఇంటికి పోయి చాయ తాగి రాండ్రి."

ఇంకొకటి ఇమ్మన్నాడు. అది కూడా కరాబేనన్నాను. అప్పుడాయన, ఉద్యోగంలో మొదటిసారి అనుకుంటాను, కిటికీకి వంగి లోపలికి చూశాడు. నా వెనక గది గుమ్మంలో బావ మిగిలిన రెండు వేళ్ళతో పట్టుకుని తుడుస్తున్న చిన్నదొర లాంపు ధగధగా వెలిగిపోతోంది. గోడ మీద ఆయన సంతకంతో ఉన్న కాగితం ఇంకా అలాగే ఉంది. ఆ రెండింటినీ చూశాడు, బావ చెయ్యి చూశాడు, నన్ను చూశాడు. ఇంటి దారి పట్టాడు. పది దాటాక వేరే మొహంతో వచ్చి, అదే లాంపు తీసుకుని దిగాడు.

నేను రిజిస్టరులో ఆయన నంబరుకు ఎదురుగా, నా అందమైన మెట్రిక్కు దస్తూరీతో, 'లాంపు కరాబ్' అని రాశాను. శనివారం ఆ రిజిస్టరును సంతకానికి నేనే చిన్నదొర ముందు పెట్టాను. ఆ వరుస దగ్గర ఆయన కలం ఆగింది. నా ఉద్యోగం ఆ కలం మొనలో ఉందని ఇద్దరికీ తెలుసు.

తల ఎత్తకుండానే అడిగాడు, ఆ లాంపు ఇప్పుడెట్లా ఉందని.

మంచిగైంది సార్ అన్నాను.

సంతకం పెట్టాడు.