సాంబ్రాణి వేసిన గది

గత వారం మా మనవరాలు చదివే యూనివర్సిటీ నుంచి ఒక కాగితం వచ్చింది. గంజాయి జోలికి పోనని పిల్ల, ఏ కాస్త అనుమానం వచ్చినా దాచకుండా తెలియజేస్తానని ఇంటి పెద్ద సంతకం చేయాలట. 'దాచకుండా' అన్న మాట దగ్గర నా కలం ఆగింది. లేచి, బీరువాలో వరుసగా పేర్చిన డైరీల్లోంచి నెల్లూరు హాస్టల్ నాటి డైరీ తీశాను. అరవైల మొదట్లోది.

ఆ ఏడు నా గదిలో ఉన్నవాడు వాకాడు వైపు చేపలు పట్టే కుటుంబంలోంచి బి.ఏ. దాకా వచ్చిన మొదటివాడు. నాకంటే తెలివైనవాడు. పెన్న ఇసుకలో మకాం వేసిన బైరాగుల దగ్గర గంజాయి నేర్చుకుని, దాన్ని గదికే తెచ్చుకోసాగాడు. హాస్టల్ నుంచి వెళ్ళగొడితే వాడి చదువు ముగిసినట్టే. అందుకని పద్ధతిగా ఒక ఉపాయం చేశాను. రోజూ సాయంత్రం ఆరింటికి గదిలో సాంబ్రాణి వేసేవాణ్ణి. ఆ పొగలో ఈ వాసన అణిగిపోయేది. "ఏం అయ్యోరూ, నాక్కూడా హారతిస్తావా?" అని వాడు ఎర్రటి కళ్ళతో నవ్వేవాడు. భక్తిపరుడైన వార్డెన్ గారు మిగతా కుర్రాళ్ళను మా గుమ్మం ముందు నిలబెట్టి, "చూసి నేర్చుకోండ్రా, గుళ్ళోకి పోయినట్టుంది" అనేవారు. ఆ మెప్పు పొంగిపోతూ డైరీలో రాసుకున్నాను. వాడు క్లాసులు ఎగ్గొట్టిన రోజులు, అన్నం ముట్టని రోజులు, గోడతో మాట్లాడిన రోజు, అవీ రాసుకున్నాను.

ఒకసారి వాళ్ళ నాయన ఎండుచేపల మూట తెచ్చి, "మావోడు బాగా చదవతన్నాడా అబ్బయా?" అని అడిగాడు. "బాగా చదువుతున్నాడు" అన్నాను. గదిలోని సాంబ్రాణి వాసనకు ఆయన చేతులు జోడించాడు.

మార్చిలో వాడు పరీక్షలో తెల్లకాగితం ఇచ్చి లేచి వచ్చేశాడు. ఊరికి పోయాక పుస్తకం పట్టలేదు, పడవా ఎక్కలేదు. రెండేళ్ళ తర్వాత చూడబోతే, గట్టు మీద కూర్చుని పాత వల పోగులు పీకుతున్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. ఉండబట్టలేక వాళ్ళ నాయనకు జరిగిందంతా చెప్పాను, తారీఖులతో సహా. ఆయన తిట్టలేదు.

"అన్నీ రాసిపెట్టుకుంటివే అబ్బయా. నాకొక కార్డు ముక్క రాసుంటే, ఎవురిచేతనైనా చదివించుకోని, వచ్చి పిల్లోణ్ణి తోలుకోని పోయుంటానే" అన్నాడు.

మనవరాలి కాగితం మీద సంతకం చేసి పక్కన పెట్టాను. ఆ కార్డు ఏ రోజు రాయవలసిందో తేల్చుకుందామని డైరీ మొదటి నుంచి చదివాను. ఏ పేజీ తిప్పినా, అప్పటికింకా ఆలస్యం కాలేదు.