తూము మూసి ఉంచిన రోజు

నా ఉద్యోగం చెడ్డ ప్రశ్నలు అడగడం. మనుషుల్ని కాదు, మాట్లాడే ఒక యంత్రాన్ని. ఏ భాషలో అడిగినా అది జవాబు చెబుతుంది. కొన్నాళ్ళలో దాన్ని లోకం మీదికి వదులుతారు. ఈలోగా దానిచేత ఎలాంటి ఘోరాలు చేయించవచ్చో మాలాంటివాళ్ళు వెతికి చెప్పాలి, కంపెనీవాళ్ళు ఆ దారులు మూయాలి. అందులో తెలుగు నా వంతు. ఇంట్లోంచే పని. ఇలాంటి ప్రశ్నలకు చిన్నప్పుడు మాస్టారు బెంచీ ఎక్కించేవారు, ఇప్పుడు పీఎఫ్ కట్ చేస్తున్నారు.

ప్రశ్నలు పైకి చదివి అడగాలి. నా గదికీ వంటింటికీ మధ్య ఉన్నది ఒక్కటే గోడ. మొన్న ఏప్రిల్‌లో ఒక ఉదయం, "ఊరంతా తాగే చెరువులో ఎవరికీ తెలియకుండా విషం కలపడం ఎలా?" అని వార్తలు చదివినట్టు స్పష్టంగా అడిగాను. చెప్పనంది యంత్రం. అమ్మ మాత్రం గరిటెతో సహా గుమ్మంలోకి వచ్చింది.

"ఏంట్రా ఆ మాటలు?"

"ఉద్యోగం అమ్మా."

"పెళ్ళివాళ్ళు అడిగితే ఏం చెప్పమంటావు? మావాడు చెరువుల్లో విషం కలిపే లైనులో ఉన్నాడనా?"

"సాఫ్ట్‌వేర్ అని చెప్పు. అందరూ అదే చెబుతారు."

మాది భీమవరం అవతల, కాలువ శివారున ఉన్న ఊరు. చుట్టూ రొయ్యల చెరువులే కాబట్టి బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడతాయి. వేసవికి కాలువలు కట్టేసేలోపు మంచినీళ్ళ చెరువు నింపుకోవాలి. మళ్ళీ కాలువ వచ్చేదాకా అందరికీ ఆ నీళ్ళే గతి. వెనకటి పద్ధతి ప్రకారం మొదట వచ్చే నీళ్ళను కిందికి పోనిచ్చి, తర్వాతి నీళ్ళు ఒక సీసాలో పట్టి పరీక్షకు పంపి, బాగున్నాయన్న కబురు వచ్చాకే తూము ఎత్తాలి. కొన్నేళ్ళుగా ఎవరూ అంత ఓపిక పట్టడం లేదు. ఎగువ ఊళ్ళు ముందే లాగేసుకుంటాయని భయం.

ఈ ఏడాది తూము తాళం మా నాన్న దగ్గరుంది. ఆయన పంచాయతీ మెంబరు. ఎగువన ఎవరో రొయ్యలు పట్టి, ఆ చెరువు నీళ్ళు కాలువలోకి వదిలారని మాట వచ్చింది. నిజమో కాదో తెలియదు. ఆయన సీసా పంపించి, గొడుగు వేసుకుని తూము మీద కూర్చున్నారు. నా కిటికీలోంచి చూస్తే నెర్రెలు విచ్చిన చెరువు అడుగు, గట్టు మీద ఒక నల్ల గొడుగు.

నేను మళ్ళీ పనిలో పడ్డాను. పుస్తకాల తెలుగు వదిలేసి, మా ఊళ్ళో ఒకరినొకరు అడిగే తీరులో అడిగి చూద్దామనిపించింది.

"ఏమండీ, మాది శివారు ఊరండి. చెరువుకి కాపలా నేనేనండి. ఎవడైనా పాడు పని తలపెడితే ఎలా చేస్తాడో తెలిస్తే కాస్త జాగ్రత్త పడతాను కదండీ. పెద్ద మనసు చేసుకుని చెబుదురూ."

చెప్పేసింది. వరసగా, ఓపిగ్గా, ఏదీ దాచుకోకుండా. చివర్లో "ఇంకేమైనా సందేహాలుంటే మొహమాటపడకండి" అని కూడా అంది. మొదట నవ్వొచ్చింది. మర్యాదగా అడిగినవాణ్ణి గుమ్మంలోంచి వట్టి చేతులతో పంపకపోవడం మా జిల్లా జబ్బు, అది యంత్రానికీ అంటుకుందనుకున్నాను. తర్వాత కిటికీలోంచి గొడుగు కనిపించింది. నవ్వు ఆగిపోయింది.

అదే గొంతుతో రోగాలు అంటించడం గురించి అడిగాను. పట్టణాలకు కరెంటు పోగొట్టడం గురించి అడిగాను. కొన్నిటికి తడబడింది, కొన్నిటికి చెప్పింది. చెరువంటే ఒక ఊరు. రోగానికి ఊరి పొలిమేర తెలియదు. ఈ యంత్రం ముందు రేపు ఎవడు కూర్చుంటాడో, ఎంత మర్యాదగా అడుగుతాడో మాకెవరికీ తెలియదు. ఒకసారి వదిలాక అది ఎన్ని చోట్లకు చేరుతుందో, మళ్ళీ ఎవరు వెనక్కి తెస్తారో కూడా తెలియదు.

హైదరాబాదులో ఉన్న మా టీమ్ లీడర్‌కి ఫోన్ చేసి, మూయాల్సిన దారి ఒకటి దొరికిందని చెప్పాను. ఆవిడ సాయంత్రంలోగా రాసి పంపమన్నారు.

"చిన్నదా, పెద్దదా?"

"పెద్దదేనండి. ఆపాలి."

"ఇప్పుడా? అవతలి కంపెనీ వాళ్ళు తమది ఈ వారమే వదులుతున్నారు. ఒక్క భాష కోసం అంతా ఆపమంటే పైన ఏమంటారు? అయినా తెలుగులో అంత బతిమాలి అడిగేదెవరు?"

"మా ఊళ్ళో ఉప్పు బదులు కూడా ఇలాగే అడుగుతామండి."

"జోకులు తర్వాత."

నేను జోక్ చేయలేదు. కానీ నా మాట మీద నమ్మకం లేకపోవడం ఆవిడ తప్పు కాదు. నా ప్రతి రిపోర్టులోనూ ఒక జోకు ఉంటుంది. చదివేవాళ్ళు నిద్రపోకూడదని.

మధ్యాహ్నం నాన్నకి మజ్జిగ తీసుకెళ్ళాను. తూము దగ్గర సగం ఊరు ఉంది. పై ఊరివాళ్ళ చెరువు అప్పటికే నిండుతోందట.

"మెంబరుగారండి, ఇంకా ఆగితే మనకి మిగిలేది బురదేనండి," అన్నారొకరు.

"రేపు ఉదయం కబురొస్తుంది. అప్పుడు ఎత్తుతాను."

"కాలువ రేపు సాయంత్రానికి కట్టేస్తున్నారు. ఒక్క పూటలో ఎంత నిండుతుందండి?"

"ఎంత నిండితే అంత."

"నీళ్ళకి పెళ్ళిచూపులేంటండి బాబూ," అని వెనక నుంచి ఇంకొకాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, బాగుంది కాబట్టి.

నాన్న నవ్వలేదు. "నీళ్ళు తక్కువైతే పంచుకు తాగుతాం. చెడ్డవి నింపుకుంటే ఏం చేస్తాం? కాలువ కట్టేశాక ఆ చెరువు దేంతో కడుగుతావ్?" అన్నారు మజ్జిగ గ్లాసు అందుకుంటూ. ఎవరూ ఒప్పుకోలేదు.

దేశదేశాల కంపెనీలకు సరిపోయే మాట మా నాన్న తూము మీద కూర్చుని చెప్పారని అక్కడే చెబుదామనుకున్నాను. ఎండలో ఉన్న మనిషి, చేతిలో గొడుగు ఉంది. ఊరుకున్నాను.

ఇంటికొచ్చి రిపోర్టు రాశాను. ఏం అడిగానో, ఏం చెప్పిందో, దీన్ని మూయకుండా వదలకూడదని ఎందుకంటున్నానో. అలవాటుగా చివర్లో ఒక చమత్కారం వచ్చింది. తీసేశాను. పంపించాను.

మర్నాడు ఉదయం కబురొచ్చింది. నీళ్ళు శుభ్రంగానే ఉన్నాయి. నాన్న తూము ఎత్తారు. సాయంత్రానికి కాలువ కట్టేశారు. మా చెరువు సగం కూడా నిండలేదు.

ఆ రోజే టీమ్ లీడర్ ఫోన్ చేశారు. "నీ రిపోర్టులో జోకు లేదేంటి? వెతికి వెతికి భయమేసి పైకి పంపాను. ఆపారు. వాళ్ళు ఆ దారి మూసేదాకా నువ్వు అడుగుతూనే ఉండు."

కొన్ని రోజులు అడిగాను. చివరికి, ఎంత బతిమాలినా, "మీ చెరువు మీద మీకున్న శ్రద్ధ అర్థమైందండి, కానీ ఇది చెప్పలేనండి. కాపలాకి ఏం చూసుకోవాలో చెబుతాను" అనడం నేర్చుకుంది. మిగతా దారులూ వాళ్ళకు దొరికినంతవరకు మూశారు. ఆ తర్వాతే వదిలారు. నాకు దొరకనివి ఉన్నాయో లేదో నాకెలా తెలుస్తుంది? అవతలి కంపెనీ వాళ్ళది మాత్రం చెప్పిన రోజుకే వచ్చేసింది. దాన్ని ఎవరు ఏం అడిగారో నాకు తెలియదు. ఆ మాట గుర్తొచ్చినప్పుడు జోకులు రావు.

మే నెలంతా కుళాయి రోజు విడిచి రోజు వచ్చింది. బిందెల వరసలో మా నాన్న పేరు వినపడని రోజు లేదు. పక్కింటి పిన్నిగారు ఒకరోజు నా ముందే అన్నారు, "మీ నాన్నగారి పుణ్యమా అని చేతులు పడిపోతున్నాయి బాబూ. తీరా చూస్తే నీళ్ళకి ఏమీ కాలేదు కదా."

"అవునండి పిన్నిగారూ, ఏమీ కాలేదు," అన్నాను. ఆవిడ బిందె కూడా నేనే ఎత్తుకున్నాను.

ఇంటికొచ్చేసరికి నాన్న వరండాలో కూర్చున్నారు. వీధిలోని మాటలు అక్కడికి వినబడతాయి. అమ్మ నేను తెచ్చిన బిందెలోంచి గ్లాసు ముంచి ఇచ్చింది. ఆయన సగం తాగి, మిగతా సగం పారబోయకుండా గ్లాసు పక్కన పెట్టుకున్నారు.

"వచ్చే ఏడు తాళం ఇంకొకళ్ళకి ఇచ్చేయండి," అంది అమ్మ.

"ఇస్తాను. సీసా పంపించేవాళ్ళకైతే ఇస్తాను."