నీళ్లంటే పడని సారు

డెబ్బైల్లో గోదావరిఖనిలో కాలేజీ కుర్రాళ్లకు జంతుశాస్త్రం చెప్పేవాణ్ణి. జీవకణంలో ప్రొటీన్ గొలుసు ఎలా మడత పడుతుందో చూపిద్దామని ఒకరోజు వాళ్లను చేతులు పట్టుకుని వరసగా నిలబడమన్నాను.

"కణం నిండా నీళ్లే. నీళ్లంటే ఇష్టమున్న ముక్కలు బయట ఉంటాయి, పడనివి లోపలికి ముడుచుకుంటాయి. మీలో నీళ్లు పడని వాళ్లెవరు?"

ఒక్కడూ ఒప్పుకోలేదు. చేసేది లేక నేనే మధ్యలో నిలబడ్డాను. గొలుసంతా నా చుట్టూ బిగుసుకుంది.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో మంథని పెద్దమనిషి ప్రత్యక్షమయ్యారు. అంతకు ముందు వారమే వాళ్లమ్మాయిని చూసి వచ్చాను. నా గురించి వాకబు చేయడానికి వచ్చినట్టున్నారు.

"ఏందిది? మీ సారేడి?"

"లోపలున్నరు! మా సారుకు నీళ్లంటే పడదు!" అన్నాడొకడు గట్టిగా.

ఇక సంబంధం తప్పిపోయినట్టే అనుకున్నాను. గొలుసు మధ్యలోంచే పాఠమంతా ఆయనకు మళ్లీ చెప్పాను. ఆయన నవ్వలేదు. సంచి బల్ల మీద పెట్టి, కుర్రాళ్ల చేతుల కింద నుంచి వంగి లోపలికి వచ్చారు.

"చలికాలంల నాకు గూడ పడదయ్యా. జర జరుగు" అన్నారు. తర్వాత నా చెవిలో, "లగ్గం ఎప్పుడు పెట్టుకుందం?" అని అడిగారు.

ఎన్నో ఏళ్లు పాఠాలు చెప్పాను గానీ, ఏ పాఠమూ అంత బాగా ముగియలేదు.