బాబాయి ఉంచిన వేగం

ఆ రోజు కూడా ఐదింటికే లేచాను. పొయ్యి మీద పాలు పెట్టి, పొంగే ముందు గిన్నె అంచున వచ్చే చిన్న చిటపట విని దించాను. చెల్లి ఇంకా లేవలేదు. వంతెన మీదికి ఏదో రైలు ఎక్కింది. నేల మీద ఉన్నంతసేపూ ఒక చప్పుడు, నీళ్ళ మీదికి వచ్చాక ఇంకో చప్పుడు. గాలి అటునుంచి ఉన్నట్టుంది, బాగా వినిపించింది. కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, ప్రార్థనకి కూర్చున్నాను. ప్రార్థన వేళ ఫోనుని మాట్లాడనివ్వను.

లేచాక ఫోను తీశాను. నాకు పుట్టుకతోనే చూపు లేదు. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడరు ఫోనులోనూ, కంప్యూటరులోనూ ఉంటుంది. దానితోనే నా పనులు. దాన్ని బాగా వేగంగా పెట్టుకుంటాను. అలవాటు లేనివాళ్ళకి అది మాటల్లా ఉండదు, చాటలో గింజలు పోసినట్టుంటుంది. ఆ వేగంలోనే అది చెప్పుకుంటూ పోయింది. పిన్ని దగ్గర్నుంచి మూడు మిస్డ్ కాల్స్. గ్యాసు బండ ఈరోజు వస్తుంది. మా ఇంటి గ్రూపులో తమ్ముడి మెసేజీ: బాబాయి తెల్లవారుజామున ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు.

గ్యాసు బండ గురించి చెప్పిన గొంతే. ఆ తీరే. సగం క్షణంలో దాటిపోయింది. వెనక్కి వచ్చి మాట మాటా వినిపించుకున్నాను. తర్వాత అక్షరం అక్షరం. అప్పుడు చెల్లిని లేపాను.

బాబాయి మా నాన్నగారి తమ్ముడు. రాజమండ్రిలో ముప్పై ఏళ్ళకి పైగా టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారు. మేడ మీద రెండు గదులు, పదకొండు మిషన్లు. పిల్లలు లేరు. పిన్నీ, ఆ మిషన్లూ, అన్న పిల్లలం మేం ముగ్గురం, అంతే ఆయన సంసారం.

అంధుల బడిలో పదో తరగతి అయ్యి ఇంటికొచ్చిన నన్ను ఏం చేయాలో మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు. అమ్మ చిక్కుడుకాయలు ఒలవమని ఇచ్చేది. అవి అయిపోతే ఊరికే కూర్చునేదాన్ని. ఒకరోజు బాబాయి వచ్చి, చెయ్యి పట్టుకుని, పదహారు మెట్లు ఎక్కించి ఒక మిషను ముందు కూర్చోబెట్టారు. నా వేళ్ళని ఒక్కొక్కటిగా మధ్య వరస మీటల మీద పెట్టారు. రెండు చూపుడు వేళ్ళ కిందా చిన్న లక్క చుక్కలు తగిలాయి. రాత్రి ఆయనే అంటించారట.

"ఇది ఇల్లమ్మాయ్. వేళ్ళు ఎక్కడికెళ్ళినా మళ్ళీ ఇక్కడికే రావాలి" అన్నారు.

చూపున్న పిల్లలకి మీటలు కనబడకుండా మిషనుకి అట్టముక్క కట్టేవారు. "టైపుకి కళ్ళు అడ్డమర్రా! మా అమ్మాయిని చూడండి, అట్ట అక్కర్లేదు" అనేవారు. నన్ను చూపించి ఎవరికైనా ఏదైనా చెప్పడం అదే మొదలు. అంతకు ముందు నన్ను చూపిస్తే జాలి పడటానికే.

పక్క గదిలో టీ తాగుతూ కూడా మిషను చప్పుడు వినేవారు. "నాలుగో మిషనూ, ఏదో తప్పు కొట్టావు, చూసుకో" అని అక్కణ్ణుంచే కేక. నూటికి తొంభై సార్లు నిజమే. ఒక్క మీట విషయంలో మాత్రం ఆయన కఠినం. ఎడమ చివర ఉండే తాళం మీట, కంప్యూటర్లలో క్యాప్స్ లాక్ అంటారు. అది పడితే అన్నీ పెద్దక్షరాలే వస్తాయి. "దాని జోలికి వెళ్ళకు" అని మొదటి రోజే చెప్పారు. ముప్పై ఏళ్ళు వెళ్ళలేదు.

టైపు పాసయ్యాక ఒక కాలేజీ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. కొన్నాళ్ళకి మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి. నా కంప్యూటరులో స్క్రీన్ రీడరు పెట్టారు. ఆ పాత రీడరుది ఇంగ్లీషు మగ గొంతు. మన పేర్లని ముక్కలు చేసి పలికేది. తెలుగు అక్షరం వస్తే నోరు మూసుకునేది. అయినా పద్దెనిమిదేళ్ళు దానితో ఉన్నాను. దాని పనులన్నీ మీటల పలకకి కుడి పక్కన ఉండే అంకెల మీటల మీద. నా కుడిచెయ్యి అక్కడే కాపురం పెట్టింది.

ఆరేళ్ళ కిందట ఆఫీసులో పాత కంప్యూటర్లు తీసేసి లాప్‌టాప్‌లు ఇచ్చారు. పాత రీడరు వాటిలో ఎక్కలేదు. వేరే రీడరు పెట్టారు. గొంతు వేరు, పద్ధతి వేరు. అసలు కుడి పక్కన అంకెల మీటలే లేవు. నా చెయ్యి వెళ్ళిన ప్రతిసారీ బల్లకి కొట్టుకునేది.

సూపరింటెండెంట్ గారు రెండు రోజులు చూసి వచ్చి పక్కన నిలబడ్డారు.

"మేడమండీ, మీరు శ్రమపడకండి. పదిహేను రోజుల్లో అడ్మిషన్లు మొదలవుతాయి. ఆ పనికి ఇంకొకర్ని చూస్తాను. మీరు హాయిగా కూర్చోండి. రిటైరయ్యేదాకా మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు."

మంచి మనిషి. ప్రేమగానే అన్నారు. నాకు అమ్మ ఇచ్చిన చిక్కుడుకాయలు గుర్తొచ్చాయి.

ఆ సాయంత్రం లాప్‌టాప్ పట్టుకుని బాబాయి ఇంటికి వెళ్ళాను. ఇన్‌స్టిట్యూట్ మూసేసి అప్పటికి చాలా కాలమైంది. ఆయన తెర చూసి, ఏదో చదివి, "ఆ తాళం మీట నొక్కి పట్టుకుని మిగతావి కొట్టాలటమ్మాయ్" అన్నారు.

"దాని జోలికి వెళ్ళొద్దన్నది మీరే కదా."

"అన్నాను. ఇప్పుడు వెళ్ళమంటున్నాను."

వేలు పెట్టాను. కుదరలేదు. మళ్ళీ పెట్టాను. ఆ గొంతు ఏదో అంది, నాకు అందలేదు. అప్పుడు ఒక మాట అనేశాను.

"మీకేం బాబాయ్. తెర చూసి చెబుతారు. చూపున్నవాళ్ళకి ఎన్ని మారినా తేలికే."

వంటింట్లో పిన్ని గరిటె చప్పుడు ఆగిపోయింది. లాప్‌టాప్ అక్కడే వదిలేసి వచ్చేశాను.

నాలుగు రోజులు ఆయన ఫోను చేయలేదు. క్షమించమని దేవుణ్ణి అడిగాను. అడగాల్సింది బాబాయినని తెలుసు. చేయి ఫోను దాకా వెళ్ళి ఆగిపోయేది.

అయిదో రోజు పొద్దున్న పిన్ని ఫోను చేసింది. "ఓసారి రావే. మీ బాబాయికి పిచ్చెక్కింది, చూద్దువుగాని."

వెళ్ళాను. బాబాయి లేవలేదు. నా చెయ్యి తీసుకుని తన తల మీద పెట్టుకున్నారు. కళ్ళకి అడ్డంగా తువ్వాలు. వెనక రెండు ముళ్ళు.

"ఎప్పట్నుంచి బాబాయ్?"

పిన్నే చెప్పింది. "నువ్వెళ్ళిన మర్నాటి నుంచీ. టిఫిను అవగానే కట్టేసుకోవడం, భోజనం దాకా ఆ పెట్టెతో గొడవ. నిన్న కాఫీ గ్లాసు తీసుకెళ్ళి దాని మీదే పెట్టబోయారు."

"పెట్టలేదుగా" అన్నారు బాబాయి.

"నేను పట్టుకున్నాను కాబట్టి."

"సరేలే. అమ్మాయ్, ఇలా కూర్చో. ఇందులో ఓ ఏర్పాటుంది. అది పెట్టాక ఏ మీట కొట్టినా దాని పేరూ, పనీ చెబుతుంది. నాలుగు రోజులుగా అన్నీ కొట్టి విన్నాను. డెబ్భై దాటాక మళ్ళీ టైపు పరీక్షకి కట్టినట్టుంది."

"ఆ రోజు తప్పుగా మాట్లాడాను బాబాయ్" అన్నాను.

"నిజమే మాట్లాడావు. కట్టుకుంటే గాని నాకు తెలియలేదు. చేతులు ఇంటికి తెచ్చుకో. మొదలెడదాం."

రోజూ ఆఫీసయ్యాక వెళ్ళేదాన్ని. ఆయన తువ్వాలు కట్టుకునే చెప్పేవారు. తెర మీద వెలుతురు కూడా ఆర్పేసేవారు. ఇద్దరం ఒకేసారి తప్పు చేసేవాళ్ళం. ఆ తాళం మీటని పట్టుకోవాలి, రెండుసార్లు కొట్టకూడదు. రెండుసార్లు కొడితే నిజంగానే తాళం పడుతుంది. బాబాయి వేలు మిషను అలవాటు కొద్దీ టకటక రెండుసార్లు పడేది. "పడిందా? మళ్ళీ పడింది" అని ఆయనే నవ్వేవారు. వారం తిరిగేసరికి నేను ఆయన్ని దాటేశాను. రీడరు వేగం వందలో ఎనభైకి పెంచితే ఆయన చెవులు మూసుకున్నారు.

"ఏంటమ్మాయ్ ఆ పరుగు! మెయిలు బండి వంతెన దాటుతున్నట్టు. నాకు ప్యాసింజరు చాలు."

ఆయన ఇరవై దగ్గర పెట్టుకునేవారు. ఆ వేగంలో ఒక్కో మాటకీ మధ్య ఊపిరి పీల్చుకోవచ్చు.

ఒక సాయంత్రం ఆయన ఏదో టైపు చేసి, "ఇది చదివించు" అన్నారు. మీట కొట్టాను. ఇనపడబ్బాలోంచి వచ్చినట్టున్న గొంతు తెలుగులో అంది: పిన్ని చేపల పులుసు పెట్టింది. తిని వెళ్ళు.

పద్దెనిమిదేళ్ళలో కంప్యూటరు నాతో తెలుగు మాట్లాడటం అదే మొదటిసారి. మళ్ళీ మళ్ళీ వినిపించుకున్నాను. పిన్ని గుమ్మంలోంచి, "అది చెప్పాలా? నేను చెబితే తినదా?" అంది. ఆ రోజు పులుసులో ఉప్పు ఎక్కువైంది. ఎవరూ అనలేదు.

పదమూడో రోజున, అడ్మిషన్లకి రెండు రోజుల ముందు, సూపరింటెండెంట్ గారి దగ్గరికి వెళ్ళి, ఒక సర్టిఫికెట్ చెప్పండి, కొడతానన్నాను. చెప్పారు. కొట్టి, ప్రింటు తీసి ఇచ్చాను. ఆయన చేతిలో కాగితం చప్పుడైంది.

"తప్పుల్లేవు మేడమ్. కానీ ఏంటి, అంతా పెద్దక్షరాలే? పిల్లాణ్ణి కేకలేసినట్టుంది."

తాళం పడిపోయింది. ఆ మాట రీడరు చెప్పే ఉంటుంది, కంగారులో నేను విని ఉండను. ఆయన నవ్వారు, నేనూ నవ్వాను. తాళం తీసి మళ్ళీ కొట్టాను. ఆ కుర్చీ నాకే ఉండిపోయింది. ఈరోజుకీ అక్కడే కూర్చుని పని చేస్తున్నాను.

బాబాయికి చెబితే, "ముప్పై ఏళ్ళు దాన్ని ముట్టుకోనివ్వలేదు కదా, కక్ష తీర్చుకుంది" అన్నారు.

చివరి రెండేళ్ళూ ఆయన చూపు మసకబారింది. డాక్టర్లు ఇంతే అన్నారు. బాబాయి పెద్దగా బాధపడినట్టు లేరు. తన లాప్‌టాప్‌లో అదే రీడరు పెట్టించుకుని పేపరు వినేవారు. తెర వెలుతురు గుచ్చుతోందని తువ్వాలు దాని మీద కప్పేసేవారు. ఇంతకు ముందు తన కళ్ళకి కట్టుకున్నదే. పోయే ముందు వారం కూడా ఫోను చేశారు.

"అమ్మాయ్, ఇది నోరు మూసుకుంది."

"తాళం మీట పట్టుకుని ఎస్ కొట్టండి బాబాయ్. పలికేదాకా."

అటునుంచి మీటల చప్పుడు. ఒకటి, ఆగి ఇంకొకటి. ఆయన తప్పు కొట్టలేదని చప్పుడుకే తెలిసింది. రీడరు గొంతు వచ్చింది, ప్యాసింజరు నడక.

"పలికింది. బతికించావు. ఉంటానమ్మా."

భూస్థాపన అయిన సాయంత్రం అందరం పిన్ని ఇంట్లో కూర్చున్నాం. కాకినాడ నుంచి వచ్చిన తమ్ముడు ఆదివారం జ్ఞాపకార్థ కూడిక మాట ఎత్తాడు. మా సంఘంలో, పోయినవారి జీవిత విశేషాలు రాసి, ఆ ఇంటి పెద్దబిడ్డ చదవడం ఆనవాయితీ. బాబాయికి పిల్లలు లేరు. పెద్దదాన్ని నేనే.

"అక్కా, నువ్వు శ్రమపడకు" అన్నాడు తమ్ముడు. "నువ్వు చెబితే నేను రాసుకుని చదివేస్తాను."

వాడూ ప్రేమగానే అన్నాడు. నేను చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను.

పిన్ని అందుకుంది.

"ఒరేయ్, ఆయన నాలుగు రోజులు కళ్ళకి తువ్వాలు కట్టుకున్నది దీన్ని పక్కన కూర్చోబెట్టడానికట్రా?"

"అది కాదు పిన్నీ. అంతమందిలో అక్క తడబడితే..."

"తడబడితే ఆగుతుంది. మనమూ ఆగుదాం. ఎక్కడికి వెళ్ళాలి?"

తమ్ముడు లేచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "ఎలా చదువుతావక్కా?" అని అడిగాడు. ఒక చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుంటాను, రీడరు ఒక మాట చెబుతుంది, దాని వెనకే నేను పైకి అంటాను అని చెప్పాను. నా ఎనభై వేగంలో ఆ పని అవదు. మాటకీ మాటకీ మధ్య నాకు చోటు కావాలి. చెల్లి బాబాయి లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. వేళ్ళు మధ్య వరస మీద పెట్టి, మీట కొట్టాను. ఇరవై దగ్గరే ఉంది.

ఆదివారం నేనే చదవాలని, ఆ లాప్‌టాప్ మీదే చదవాలని అనుకున్నాం. ప్రార్థన చేసుకుని, అక్కడే కూర్చుని రాయడం మొదలుపెట్టాను. తెర మీద తువ్వాలు ఆయన కప్పినట్టే ఉందట. తమ్ముడు తియ్యబోతే పిన్ని ఉండనీ అంది.