వన్స్ మోర్ పడిన మూగ పద్యం

ఆ రోజుల్లో నాకు రానిదల్లా నోరు మూసుకోవడం ఒక్కటే. ఏడో తరగతితో చదువాపేసినదాన్ని, పెళ్లయి అమెరికాలో పార్సిప్పనీ అపార్ట్‌మెంట్‌లో దిగిన కొత్తలో, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లో అందరూ ఉద్యోగాల గురించి మాట్లాడుతుంటే నేనూ ఏదో ఒకటి అనాలి కదా, "మా నాన్న నాటకాలకి హార్మోనియం వాయించేవాడు, నాకు వంద పద్యాలు నోటికొచ్చు" అనేశాను. రావడం నిజమే. శ్రుతిలో రావని మాత్రం చెప్పలేదు. (ఎవరూ అడగలేదు కూడా.) ఉగాదికి పద్యనాటకం వేయిస్తున్న పెద్దంకుల్ అక్కడికక్కడే నన్ను రాణిని చేసేశారు. కారెక్కాక మా ఆయన, "నువ్వు జోల పాడితే పక్కింటి పాప లేచి కూర్చుంటుంది కదే" అన్నాడు. రెండు వారాలు అన్నం సయించలేదు. నలుగురిలో నవ్వులపాలైతే ఇక బట్టలుతకడానికైనా కింద అందరూ వాడే లాండ్రీ గదికి దిగగలనా?

ఇంతలో రాజు వేషం కట్టాల్సినాయనకి టెక్సాస్‌లో ప్రాజెక్ట్ పడింది, ఉగాదికి ఉండడు. పెద్దంకుల్ తల పట్టుకుంటే, హైస్కూల్లో ఉన్న వాళ్లమ్మాయి (నాకంటే ఆరేళ్లే చిన్న, అయినా నేను ఆంటీనే) "డాడీ, నాకు క్లాస్‌కి సైలెంట్ ఫిల్మ్ కావాలి. అంకుల్ వెళ్లేలోపే మీ డ్రామా షూట్ చేస్తా, ఉగాదికి స్క్రీన్ మీద వేద్దాం" అంది. "పద్యనాటకం మూగదేంటమ్మా?" అని ఆయన గొణిగారు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. తీరా షూటింగ్‌లో ఊరికే పెదాలు కదిపితే, "ఆంటీ, లౌడ్‌గా పాడండి, లేకపోతే ఫేస్‌లో ఫీలింగ్ రాదు. సౌండ్ నేను తీసేస్తా కదా" అంది. పాడాను. ఆ పిల్ల కెమెరా వెనక పెదవి కొరుక్కుంది, అంతే.

ఉగాదినాడు హాల్లో లైట్లార్పి బొమ్మ వేశారు. తెర మీద నేను నోరు తెరిచాను. రాగం తీస్తూ తెరిచే ఉంచాను. చప్పుడు లేదు. పద్యం అయిందో లేదో, వెనక వరసలోంచి గుంటూరు తాతగారు అలవాటుకొద్దీ "వన్స్ మోర్" అన్నారు. హాలంతా అందుకుంది. వన్స్ మోర్ పడితే మళ్లీ పాడాల్సిందే కదా, ఆ పిల్ల వెనక్కి తిప్పి మళ్లీ వేసింది. ఈసారి తాతగారే లేచి నా నోటికి తన గొంతు ఇచ్చారు. ఆయనకి ఊపిరైపోయింది గానీ తెర మీద నా నోరు మూతపడలేదు. "ఏం దమ్మమ్మా ఈ పిల్లది" అంటూ కూలబడ్డారు. పక్కన మా ఆయన కళ్లు తుడుచుకుంటున్నాడు. ఏడుపు కాదు లెండి.

మొన్న ఆ అమ్మాయి గృహప్రవేశానికి వెళ్తే నన్ను పక్కకి పిలిచి, "ఆంటీ, ఆ సౌండ్ ఇంకా నా దగ్గరే ఉంది. ఎవరికీ వినిపించలేదు. డిలీట్ చేయనా?" అంది. "ఉండవే, ఒక్కసారి విననీ" అని ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాను. మా ఆయన అన్నది అబద్ధం కాదు. కానీ ఇరవై రెండేళ్ల ఆ రాణి, ఎవరూ వినరన్న ధీమాతో, ఎంత హాయిగా పాడుతోందో. అయిపోయాక కూడా ఇయర్‌ఫోన్స్ తీయలేదు.

"వన్స్ మోర్" అన్నాను.